కిలోమీటర్లలో దొరకని గురి

2019 ఫిబ్రవరి 28న ఢిల్లీలో మన సైనికాధికారులు పత్రికలవారికి ఒక లోహపు ముక్క చూపించారు. అంతకు ముందురోజు పాకిస్థాన్ ఎఫ్-16 విమానాలు ప్రయోగించిన ఆమ్రామ్ క్షిపణి శకలం అది. అమెరికా తయారీ. మన సుఖోయ్-30లు ఆ దాడిని తప్పించుకున్నాయని వాయుసేన చెప్పింది. ఆరేళ్ల తర్వాత, 2025 మే 12న, మరో క్షిపణి ముక్కల బొమ్మలను వాయుసేన తెర మీద చూపించింది. ఈసారి పాకిస్థాన్ వదిలిన చైనా తయారీ పీఎల్-15. దాని శకలాలు పంజాబ్‌లోని హోషియార్‌పుర్ జిల్లాలో దొరికాయి. అమ్మకానికి పెట్టిన పీఎల్-15 రకం 145 కిలోమీటర్లు వెళ్తుందని చైనా చెప్పుకుంటుంది. ఆమ్రామ్‌ది కూడా చిన్న దూరమేమీ కాదు. అయినా ఈ క్షిపణులు విమానాన్ని కాక నేలను చేరాయి. కొత్త క్షిపణి పేరు వినగానే మనం మొదట అడిగేది "ఎన్ని కిలోమీటర్లు?" అని. ఆ క్షిపణి గురించి అన్నిటికన్నా తక్కువ చెప్పే అంకె అదేనని నా వాదన. బలం దూరంలో లేదు. ఎవరు ముందు చూశారు, ఎంతసేపు చూస్తూ ఉండగలిగారు, చూసినది ఎవరినో ఎలా తెలుసుకున్నారు అన్నదానిలో ఉంది.

ముందు రాడార్ సంగతి. రాడార్ రేడియో తరంగాన్ని వదిలి, అది ఎదుటి విమానానికి తగిలి తిరిగొచ్చే ప్రతిధ్వనిని పట్టుకుంటుంది. తరంగం వెళ్లేటప్పుడు పలచబడుతుంది, వచ్చేటప్పుడు మళ్లీ పలచబడుతుంది. అందుకే దూరం రెట్టింపైతే ప్రతిధ్వని సగానికో పావుకో కాదు, పదహారో వంతుకు పడిపోతుంది. మిగతావన్నీ అలాగే ఉంచి రాడార్ చూపును రెట్టింపు చేయాలంటే 16 రెట్ల శక్తి కావాలి. ఎదుటి విమానంలోని హెచ్చరిక పరికరానికి మాత్రం అదే తరంగం ఒకవైపు ప్రయాణంతోనే అందుతుంది. రాత్రిపూట పొలం గట్టు మీద టార్చిలైటు వేసినవాడికి ఎదురుగా ఏముందో తెలిసేలోపే, వాడు అక్కడున్నాడన్న సంగతి దూరాన ఉన్నవాళ్లకు తెలిసిపోతుంది. ఈ చిక్కును చాలావరకు విప్పింది ఏసా రాడార్. అటూ ఇటూ తిరిగే పాత యాంటెన్నా పళ్లెం ఇందులో ఉండదు. దాని ముఖమంతా వందల సంఖ్యలో, పెద్దవాటిలో వెయ్యికి పైగా, తరంగాన్ని పంపి అందుకునే చిన్న చిన్న మాడ్యూళ్లు ఉంటాయి. ఒక్కొక్కటి తన తరంగాన్ని రవ్వంత ముందువెనకలుగా వదిలితే చాలు, ఏదీ కదలకుండానే కిరణం దిశ మారిపోతుంది. ఒక పెద్ద గొంతు పనిని వెయ్యి చిన్న గొంతులు శ్రుతి కలిపి పంచుకోవడం లాంటిది ఇది. ఎలక్ట్రానిక్స్‌లో ఇంత అందమైన ఆలోచనలు అరుదు. ఫ్రీక్వెన్సీని క్షణక్షణానికీ మార్చగలదు కనుక దీని జాడ పట్టడమూ కష్టం, దీన్ని జామ్ చేయడమూ కష్టం. రఫేల్‌లో ఉన్నది ఈ జాతి రాడారే. రక్షణ పరిశోధన సంస్థ డీఆర్‌డీఓకు బెంగళూరులో ఉన్న ఎల్ఆర్‌డీఈ ప్రయోగశాల రూపొందించిన ఉత్తమ్ కూడా ఇదే జాతిది.

ఇక క్షిపణి. ఆకాశంలో మంట కక్కుతూ చివరిదాకా తరుముతుందని చాలామంది అనుకుంటారు. మామూలు క్షిపణిలో రాకెట్ మోటారు మండేది కొన్ని సెకన్లే. ఆ ఊపుతో పైకెక్కి, గాలి పలచగా ఉన్నచోట దూసుకెళ్లి, మిగతా దారంతా విసిరిన రాయిలాగే ప్రయాణిస్తుంది. మలుపు తిరిగిన ప్రతిసారీ వేగం కోల్పోతుంది, పోయిన వేగం మళ్లీ రాదు. ఒక చిన్న లెక్క చూడండి. క్షిపణి సగటున సెకనుకు కిలోమీటరు వెళ్తుందనుకుంటే 100 కిలోమీటర్లకు 100 సెకన్లు పడుతుంది. గంటకు 900 కిలోమీటర్ల వేగంతో ఎగిరే విమానం ఆ వ్యవధిలో 25 కిలోమీటర్లు జరుగుతుంది. అది మన వైపే వస్తుంటే క్షిపణి పని సులువవుతుంది. హెచ్చరిక అందిన పైలట్ వెనక్కి తిరిగి కిందికి దిగితే, చిక్కటి గాలిలో అలసిపోయిన క్షిపణి ఇంకా అంత దూరం వెంటాడాలి. తయారీదారు చెప్పే గరిష్ఠ దూరం సాధారణంగా ఎత్తున ఎగురుతూ, ఏమీ ఎరగనట్టు నేరుగా ఎదురొచ్చే లక్ష్యానికి వర్తించేది. తెలివైన పైలట్ కూడా తప్పించుకోలేని దూరం అందులో ఒక భాగం మాత్రమే. ఐరోపా దేశాలు ఆరు కలిసి చేసిన మెటియోర్ గొప్పతనం ఇక్కడే ఉంది. అందులోని రామ్‌జెట్ గాలిని పీల్చుకుంటూ, ఇంధనాన్ని పొదుపుగా వాడుకుంటూ, చివరి కిలోమీటర్లలో కూడా ఊపు నిలుపుకుంటుంది. దాని విలువ ఎంత దూరం పోతుందన్నదాని కన్నా, ఆ దూరంలో ఎంత ఓపిక మిగులుతుందన్నదానిలో ఉంది.

ఆ దారి పొడుగునా క్షిపణి దాదాపు గుడ్డిదే. దాని ముక్కులోని చిన్న రాడార్, అంటే సీకర్, చివరి కొద్ది కిలోమీటర్లలోనే కళ్లు తెరుస్తుంది. అప్పటిదాకా లక్ష్యం ఎటు మళ్లిందో ప్రయోగించిన విమానమో, వెనక ఉన్న నిఘా విమానమో డేటాలింక్ ద్వారా చెబుతూ ఉండాలి. ఆ మాట మధ్యలో తెగితే, సీకర్ కళ్లు తెరిచేసరికి ఎదురుగా ఖాళీ ఆకాశం ఉండవచ్చు. అనుభవమున్న పైలట్ తన విమానాన్ని రాడార్ చూపుకు అడ్డంగా తిప్పుతాడు. అప్పుడు అది దగ్గరవడమూ దూరమవడమూ ఉండదు కనుక దాని ప్రతిధ్వని నేల ప్రతిధ్వనిలో కలిసిపోతుంది. కాబట్టి ఇది రెండు క్షిపణుల పోటీ కాదు. రాడార్, డేటాలింక్, నిఘా విమానం, సీకర్ కలిసిన రెండు గొలుసుల పోటీ.

ఇందులో అన్నిటికన్నా కష్టమైన ముడి, కనబడిన చుక్క ఎవరిదో తేల్చుకోవడం. మన కథల్లో శబ్దభేది విద్య ఉంది. చూడకుండా, చప్పుడు విని బాణం వేయడం. దశరథుడి గురి తప్పలేదు. బాణం అనుకున్న చోటే తగిలింది. అక్కడున్నది ఏనుగు కాదు, కుండ నింపుకుంటున్న శ్రవణకుమారుడు. 2019 ఫిబ్రవరి 27న బడ్గాంలో మన సొంత క్షిపణే మన ఎంఐ-17 హెలికాప్టర్‌ను కూల్చింది. వాయుసేన సిబ్బంది ఆరుగురు, కింద ఒక పౌరుడు ప్రాణాలు కోల్పోయారు. అది పెద్ద తప్పిదమని నాటి వాయుసేనాధిపతి ఆర్‌కేఎస్ భదౌరియా బహిరంగంగా ఒప్పుకున్నారు. అది నేల మీది నుంచి వదిలిన క్షిపణే అయినా ముడి అదే. వియత్నాంలో అమెరికా విమానాలు చూపుకు ఆవలి నుంచి కొట్టగల స్పారో క్షిపణులను మోసుకెళ్లినా, ఎదుటివాడు శత్రువేనని కంటితో తేల్చుకోవాలన్న నిబంధన వల్ల చాలాసార్లు ఆ దూరం అక్కరకు రాలేదు. ప్రయోగించిన పదింటిలో సుమారు ఒకటే లక్ష్యాన్ని కూల్చింది.

దూరానికి విలువే లేదా అని అడగవచ్చు. ఉంది, కాదనను. 300 కిలోమీటర్లకు పైగా వెళ్తుందని రష్యా చెప్పే ఆర్-37ఎం క్షిపణి, ఎవరినీ కూల్చని రోజున కూడా ఉక్రెయిన్ పైలట్లను వెనక్కి, కిందికి నెట్టగలదు. నిఘా విమానాలనూ గాలిలో ఇంధనం నింపే విమానాలనూ దూరంగా తరమడానికి పొడుగు చెయ్యి అవసరమే. 2025 మేలో పాకిస్థాన్‌తో జరిగిన ఘర్షణలో ఇరుపక్షాల విమానాలూ సరిహద్దు దాటకుండానే పోరాడాయి. మన విమానాల్లో కొన్నింటిని కోల్పోయామని సంఖ్య చెప్పకుండా నాటి త్రివిధ దళాధిపతి జనరల్ అనిల్ చౌహాన్ అంగీకరించారు. దూరమే గెలిచిందనడానికి చాలామంది ఈ ఘర్షణనే చూపిస్తారు. పీఎల్-15 దాదాపు 150 కిలోమీటర్లకు మించి రాదని మన పైలట్లు భావించినట్టు అధికారులను ఉటంకిస్తూ రాయిటర్స్ రాసింది. ఆ కథనం నిజమైతే, అక్కడ లోపించింది క్షిపణి పొడుగు కాదు, ఎదుటివాడి గురించిన సమాచారం. 50 కిలోమీటర్లు ఎక్కువ పోయే క్షిపణిని తెచ్చుకున్నా ఆ లోటు తీరదు.

అందుకే ఈ విషయంలో గర్వపడదగిన పని కరపత్రాల్లో పెద్ద అక్షరాలతో కనబడదు. సుమారు 100 కిలోమీటర్ల శ్రేణికి చెందిన మన అస్త్ర మార్క్-1 క్షిపణుల కోసం 2022 మేలో రక్షణ శాఖ హైదరాబాద్‌లోని భారత్ డైనమిక్స్‌తో 2,971 కోట్ల రూపాయల ఒప్పందం కుదుర్చుకుంది. ఒప్పందం కన్నా కష్టసాధ్యమైనది సీకర్. ఏ దేశమూ మనసారా పంచుకోని పరిజ్ఞానం అది. మన క్షిపణుల్లోని సీకర్ల కోసం ఏళ్ల తరబడి విదేశాల వైపు చూశాం. కొత్త క్షిపణి వార్త చదివినప్పుడు దూరం అంకె దగ్గర ఆగిపోకండి. సీకర్ ఎవరిది, డేటాలింక్ ఎవరిది, దాన్ని ఏ రాడార్ నడిపించిందని వెతకండి. 2025 జూలై 11న ఒడిశా తీరంలో సుఖోయ్-30 నుంచి వదిలిన రెండు అస్త్రాలు వేగంగా ఎగిరే మానవరహిత లక్ష్యాలను వేర్వేరు దూరాల్లో కూల్చాయి. ఆ రెండింటి ముక్కులోనూ ఉన్నది డీఆర్‌డీఓ స్వయంగా రూపొందించిన సీకర్.