చిరునామా సరియైనదేనా?

తిరువూరునకు జాబు వ్రాయువారు ఊరి పేరు క్రింద 521235 అను ఆఱంకెలను చేర్చుదురు. ఈ పద్ధతి మన దేశమున 1972 ఆగస్టు 15వ తేదీన ప్రారంభమైనది. అంకెలు ఆఱే యున్నవా, మొదటిది సున్న కాదు గదా అని చూచుట యొక పరీక్ష. ఆ అంకెలు గల తపాలా కార్యాలయము నిజముగా నున్నదా అనునది వేఱొక పరీక్ష. అచ్చట మనము కోరిన మనిషియే యున్నాడా అనునది ఇంకొకటి. మొదటి దానిలో నెగ్గినంత మాత్రమున తక్కినవానిలో నెగ్గినట్లు కాదు.

కంప్యూటరులోను చేతి ఫోనులోను మనము వాడు వెబ్ చిరునామాల సంగతియు నిట్టిదే. భేదమొకటి కలదు. జాబు పైని చిరునామాను చదువువాడు తపాలా బంట్రోతు. అక్షరమొకటి తప్పినను అతడు ఊహించి జాబు నందజేయగలడు. వెబ్ చిరునామాను చదువునది సాఫ్ట్‌వేర్. దానికి ఊహ లేదు. ప్రోగ్రాము వ్రాసినవాడు పెట్టిన నియమమే దానికి వేదము. నియమము బిగువైనచో మంచి చిరునామా బయటనే నిలిచిపోవును. సడలినచో చెడ్డది లోనికి వచ్చును.

మన జిల్లా ప్రభుత్వపు చిరునామానే తీసికొందము: ఎన్‌టిఆర్, చుక్క, ఎపి, చుక్క, గవ్, చుక్క, ఇన్. దీనిని కుడి నుండి ఎడమకు చదువవలెను. ‘ఇన్’ మన దేశము, ‘గవ్’ ప్రభుత్వము, ‘ఎపి’ రాష్ట్రము, తుదకు జిల్లా. జాబు మీద ఇంటి పేరుతో మొదలై దేశముతో ముగియునట్లే. ఈ చుక్కల పేర్ల పద్ధతిని 1983లో పాల్ మొకపెట్రిస్ అను శాస్త్రజ్ఞుడు రూపొందించెను. చుక్కకును చుక్కకును నడుమ గల భాగము 63 అక్షరములు మించరాదు. పేరంతయు కలిసి 253 మించరాదు. అడ్డగీత నడుమ నుండవచ్చును గాని మొదటను చివరను ఉండరాదు.

నియమములింత స్పష్టముగా నున్నప్పుడు తప్పెట్లు జరుగునని సందేహము కలుగవచ్చును. ప్రోగ్రాము వ్రాయువారు తఱచుగా నియమములను చదువరు. తమ కంటికి కనబడిన చిరునామాలను చూచి సూత్రము కట్టుదురు. ఒకప్పుడు చివరి భాగములన్నియు ఇంచుమించు రెండు మూడక్షరములవే. ఇన్, కామ్, ఆర్గ్ వంటివి. కావున “చివర రెండు గాని మూడు గాని ఇంగ్లీషు అక్షరములుండవలెను” అని పలువురు వ్రాసిరి. 2001లో నాలుగక్షరముల ‘ఇన్ఫో’, ఆఱక్షరముల ‘మ్యూజియం’ వచ్చినవి. చిరునామాలు సరియైనవే; సూత్రము వానిని తప్పనినది. అట్టి పాత సూత్రములు ఒక ప్రోగ్రాము నుండి మఱియొక ప్రోగ్రామునకు నకలు చేయబడుచు నేటికిని కొన్నిచోట్ల బ్రదికియే యున్నవి.

తెలుగువారికి దీని దెబ్బ మఱింత గట్టిగా తగులును. 2011లో ఐకాన్ అను అంతర్జాతీయ సంస్థ మన దేశపు ఏడు లిపులలో దేశనామమును చిరునామా చివర వాడుటకు ఆమోదించినది. వానిలో తెలుగు ‘భారత్’ ఒకటి. ఇంగ్లీషులో మన ఊరి పేరును కొందఱు ‘టి’ తరువాత ‘హెచ్’ చేర్చి వ్రాయుదురు, కొందఱు చేర్చరు. చివరి అచ్చును విడిచిపెట్టువారును కలరు. తెలుగున ‘తిరువూరు’ ఒక్కటే. కావున ఊరి సంఘమొకటి ‘తిరువూరు.భారత్’ అను చిరునామా కోరుకొన్నదని ఊహింతము. దరఖాస్తు పత్రములో దానిని వ్రాయగానే “చెల్లని చిరునామా” అని యంత్రము తిప్పికొట్టిన, తప్పు సంఘము వారిదా?

ఇందొక చిత్రమున్నది. “ఇంగ్లీషే కాదు, ఏ భాషా అక్షరములైనను రానిమ్ము” అని ఉదారముగా వ్రాసిన సూత్రము కూడ తెలుగును తిప్పికొట్టవచ్చును. ‘తిరువూరు’ అను పేరును కంప్యూటరు ఎనిమిది చిహ్నములుగా దాచుకొనును. త, ర, వ, ర అను నాలుగును అక్షరములు. గుడి, కొమ్ము, కొమ్ము దీర్ఘము, మఱల కొమ్ము అను నాలుగును గుణింతపు గుర్తులు. ప్రపంచ లిపులకు యూనికోడ్ ఏర్పఱచిన పట్టికలో ఈ గుర్తులు అక్షరముల వర్గమునకు చెందవు. వేఱు వర్గమునకు చెందును. ‘భారత్’ చివరి పొల్లు సంగతియు అంతే. గ్రీకు, రష్యను పేర్లతో పరీక్షించి చూచుకొన్నవానికి సూత్రము చక్కగా పనిచేసినట్లే తోచును. మన గుణింతము వానికి ఎదురు పడలేదు గదా!

పాత యంత్రములు ఇంగ్లీషు అక్షరములను మాత్రమే ఎఱుగును. అందుచే 2003లో ‘ప్యూనీకోడ్’ అను మార్పిడి పద్ధతి వెలువడినది. దాని ననుసరించి ‘భారత్’ లోలోపల ఎక్స్, ఎన్, రెండు అడ్డగీతలు, పిమ్మట ఎఫ్, పి, సి, ఆర్, జె, 9, సి, 3, డి అని మాఱును. ఐదు చిహ్నములు పదమూడైనవి! 63 అను హద్దును కొలువవలసినది ఈ మాఱిన రూపమునకే గాని కంటికి కనబడు తెలుగునకు కాదు. ‘సాఫ్ట్‌వేర్’ వంటి మాటలలో మఱియొక చిక్కు. ‘ట్’ పొల్లు తరువాత ‘వే’ ఒత్తుగా మాఱకుండుటకు కనబడని గుర్తొకటి పెట్టుదుము. 2003 నాటి నియమములు దానిని తొలగించినవి. 2010 నాటి నియమములు పొల్లు తరువాత దానిని నిలుపనిచ్చినవి. ఒకే పేరు రెండు తరముల సాఫ్ట్‌వేరులో రెండు చిరునామాలగు ప్రమాదమున్నది.

కనుక సొంత సూత్రము కట్టుకొనుటకంటె, ప్రమాణములనెఱిగిన నిపుణులు సిద్ధము చేసియుంచిన భాగములను వాడుట మేలని నా యభిప్రాయము. వానినైనను పరీక్షింపక నమ్మరాదు. ఒప్పుకొనవలసిన చిరునామాలు కొన్ని, తిరస్కరింపవలసినవి కొన్ని వ్రాసిపెట్టుకొని, ప్రోగ్రామును మార్చిన ప్రతి పర్యాయము వానినన్నిటిని దాని ముందుంచవలెను. పరుల చిరునామాలను ప్రయోగములకు వాడకుండుటకై ‘ఎగ్జాంపుల్.కామ్’ వంటి పేర్లను 1999లోనే ప్రత్యేకించిరి. 2007లో ఇతర లిపుల పేర్లను పరీక్షించుటకు పదునొకండు నామములు నిలిపినప్పుడు హిందీకిని తమిళమునకును చోటు దొరకినది, తెలుగునకు దొరకలేదు. నేడు మన పరీక్షా పట్టికలలో గుణింతము, ఒత్తు, పొల్లు, సున్న గల పేర్లు తప్పక ఉండవలెను.

చిరునామా జీవించియున్నదా అను పరీక్ష కొంత సులభము. 2022 ఏప్రిల్ 4వ తేదీన తిరువూరు కృష్ణా జిల్లా నుండి ఎన్.టి.ఆర్. జిల్లాలోనికి వచ్చినది. ఊరు కదలలేదు గాని జిల్లా కార్యాలయము మాఱినది. వెబ్ పేజీలకును ఇట్టి మార్పులు కలుగుచుండును. పేజీ యున్నచో యంత్రము 200 అను అంకెతో జవాబిచ్చును, శాశ్వతముగా తరలిపోయినచో 301, లేనిచో 404. ఒక్క మాఱు జవాబు రానంత మాత్రమున చిరునామా చచ్చినదని కొట్టివేయరాదు. దారిలో తీగ తెగి యుండవచ్చును.

ఇక మోసగాండ్ర చిరునామాలు. రూపపరీక్షలో అవి నిక్షేపముగా నెగ్గును. ‘ఎపి.గవ్.ఇన్’ అను మాటలను మొదట పెట్టి, చివర ఇంకేదో పేరును, కామ్‌ను తగిలించినచో, ఎడమ నుండి చదువు కన్ను ప్రభుత్వమనుకొనును. రెండు ఏటవాలు గీతల తరువాత మొదలై, ఆ పిమ్మట వచ్చు ఒంటి ఏటవాలు గీతతో ఆగు భాగమును కుడి నుండి చదువవలెను. యజమాని అచ్చట తెలియును. తెలుగు, కన్నడ లిపులలో అ, ఆ, ఇ వంటివి చూపునకు ఒకటిగనే యుండును, కంప్యూటరునకు వేఱు. అందుచే రెండు లిపులు కలిసిన పేరును ప్రోగ్రాము అనుమానింపవలెను. ఇంత జాగ్రత్తపడియు ఎవరికైనను సొమ్ము పోయినచో, ఆలసింపక 1930 అను నంబరునకు ఫోను చేయవలెను. సొమ్ము చేతులు మాఱకముందే ఆ వార్త అందినచో దానిని బ్యాంకులో నిలిపివేయుటకు అవకాశ మధికము.