వీరనారి చేతికి ఏ కత్తి ఇద్దాం?

ఈ మధ్య ఆడపిల్లల నోటుపుస్తకాల వెనక పేజీలు తిప్పి చూశారా? ఒకప్పుడు అక్కడ ముగ్గులు, నెమళ్ళు, జడగంటల అమ్మాయిలు కనిపించేవారు. ఇప్పుడు కత్తి దూసిన రాకుమార్తెలు, విల్లు ఎక్కుపెట్టిన అడవిపిల్లలు! 2015లో 'బాహుబలి', 'రుద్రమదేవి' రెండూ ఒకే ఏడాది వచ్చాయి. అవి చూసి పెరిగిన పిల్లలు మరి. కొందరు సరదాకి గీస్తున్నారు. కొందరు యానిమేషన్, వీడియో గేముల చదువులు చదివి దాన్నే జీవనాధారం చేసుకుంటున్నారు. జానపద కథ రాయబోయే నాలాంటి వాళ్ళకీ ఇదే పని పడుతుంది. "ఆమె కత్తి దూసింది" అని రాసెయ్యడం తేలికే. ఏ కత్తి? ఎవరు చేసి ఇచ్చారు? ఎంత బరువు? అని అడిగితేనే చిక్కు.

ఆ చిక్కు విప్పుకోడానికి చాలామంది విదేశీ గేముల బొమ్మలు చూసి దించేస్తారు. అందుకే మన వీరనారులకి భుజాల మీద దొరల కవచాలు, చేతిలో మనిషంత కత్తి, నడుము మాత్రం బోసి! యుద్ధానికి వెళ్ళే మనిషి పొట్ట కప్పుకోకుండా వెళుతుందా? ఆలోచించండి. అసలు మన దగ్గర ఏముండేదో తెలియాలంటే విమానం ఎక్కక్కర్లేదు. ఖమ్మం, వరంగల్లు, భద్రాచలం దారులు చాలు.

బిందె కన్నా తేలిక

ముందు బరువు సంగతి తేల్చుకుందాం. సినిమాల్లో కత్తి ఎత్తడానికి వీరులు ఒగర్చేస్తుంటారు. కానీ మధ్యయుగాల నాటి ఒంటిచేతి కత్తులు చాలామటుకు కిలో నుంచి కిలోన్నర లోపే ఉంటాయి. నీళ్ళు నిండిన బిందె దానికి పదింతలు. ఆ బిందెను చంకనెత్తుకుని మెట్లెక్కే మనం "ఆడదానికి కత్తెందుకు, మొయ్యలేదు" అన్న మాటకి తల ఊపడం ఎందుకు? కష్టం బరువులో లేదు, సాధనలో ఉంది. గంటల తరబడి ఎత్తి తిప్పేది కాబట్టే కత్తిని చేతికి తగ్గట్టు, పిడి దగ్గర బరువు నిలిచేట్టు చేసేవారు. మనిషంత కత్తి గీస్తే ఆ అమ్మాయి బలవంతురాలిగా కాదు, బొమ్మలాగే కనిపిస్తుంది.

రాతిలో రుద్రమ

కాకతీయుల నాటి ఆయుధాలకి మనకున్న మంచి పుస్తకం శిల్పమే. వరంగల్లు కోటలో స్వయంభూ ఆలయ మండపానికి చెందిన శిల్పం ఒకటుంది. సింహం మీద స్త్రీ, చేతుల్లో బాకు, డాలు. పక్కనే పద్మం పట్టిన ఏనుగు తొండం. యాదవుల మీద గెలిచి 'రాయగజకేసరి' బిరుదు ధరించిన రుద్రమదేవి ఆమేనని చరిత్రకారులు చెబుతారు. చూడండి, అంతటి రాణి చేతిలో పెట్టింది మనిషంత ఖడ్గం కాదు, చిన్న బాకు.

ఇంకో శిల్పం సంగతి చెబితే మనసు కలుక్కుమంటుంది. వరంగల్లు దగ్గర బొల్లికుంటలో దొరికిన రెండు శిల్పాలు రుద్రమవేనని 2017లో పురావస్తు శాఖ వారు ప్రకటించారు. ఒకదాంట్లో ఆమె గుర్రం మీద ఉంది. ఎడమచేత కళ్ళెం, కుడిచేత కత్తి, తలపైన గొడుగు. రెండోదాంట్లో ఆ గొడుగు లేదు. ఆమె అలసి ఒక పక్కకి ఒరిగి కూర్చుంది. దగ్గర్లో యముడి వాహనమైన దున్న. నల్లగొండ జిల్లా చందుపట్ల శాసనం ఆమె, ఆమె సేనాని మల్లికార్జున నాయకుడు శివసాన్నిధ్యం చేరారని చెబుతోంది. దాని కాలం 1289 నవంబరు. కాయస్థ అంబదేవుడి తిరుగుబాటును అణచబోయి యుద్ధంలోనే ప్రాణం విడిచిందని పండితుల ఊహ.

లెక్క వేసుకోండి. ఆమె పాలన 1262 ప్రాంతంలో మొదలైంది. తర్వాత గద్దెనెక్కిన ప్రతాపరుద్రుడు ఆమె కూతురు ముమ్మడమ్మ కొడుకు. అంటే యుద్ధరంగానికి వెళ్ళిన ఆ రుద్రమ అమ్మమ్మ! మన సినిమాల్లో, క్యాలెండర్లలో, పిల్లల బొమ్మల్లో ఆమెకి ఎప్పుడూ ఇరవై ఏళ్ళే. అమ్మమ్మ వయసులో గుర్రమెక్కిన రుద్రమను గీసినవారు ఎందరు?

ఉక్కు మనదే

కత్తి గీసేటప్పుడు దాని మెరుపు కూడా ఆలోచించాలి. నిజామాబాద్ జిల్లాలోని కోనసముద్రం ఒకప్పుడు ఉక్కుకి పెట్టింది పేరు. ఇనుమును మూసల్లో పెట్టి, మూత బిగించి, గంటల తరబడి కాల్చి ఉక్కు ముద్దలు తీసేవారు. ఇరాన్ వర్తకులు అక్కడ మకాం వేసి మరీ కొనుక్కెళ్ళేవారని ఇంగ్లీషు భూగర్భ శాస్త్రవేత్త హెన్రీ వోయ్‌సీ రాసిన వ్యాసం 1832లో అచ్చయింది. నీటి అలల్లాంటి చారలతో ప్రపంచమంతా మెచ్చిన డమాస్కస్ కత్తులకి వెళ్ళింది ఇలాంటి మన ఉక్కే. మీ అమ్మాయి కత్తి అలుగు మీద ఆ అలల గీతలు వేస్తే అది కల్పన కాదు, చరిత్ర.

అడవి విల్లు వేరు

భద్రాచలం గుళ్ళో రాముడికి నాలుగు చేతులు. శంఖం, చక్రాలతో పాటు విల్లూ బాణం. గుడి దాటి ఏజెన్సీ ఊళ్ళలోకి వెళితే కోయవారి ఇళ్ళలోనూ విల్లే. కానీ రెండూ ఒకటి కావు. పటాల్లో మనం చూసే వంపులు తిరిగిన విల్లు లాంటివి కొన్ని దేశాల్లో కొమ్ము, నరాలు, కర్ర కలిపి జిగురుతో అతికించి చేసేవారు. ముసురు పట్టే గోదావరి అడవిలో ఆ జిగురు నిలవదు. అందుకే ఇక్కడి విల్లు వెదురుది. సాదా వంపు, నకాషీలు ఉండవు, విరిగితే మర్నాడే ఇంకోటి చేసుకోవచ్చు. అడవిపిల్లని గీసేవారు ఆమె చేతికి బంగారు విల్లు ఇస్తే ఆ అడవి అబద్ధమైపోతుంది.

ఇంకో నిజం కూడా చెప్పుకోవాలి. తొలకరికి వచ్చే భూమి పండుగలో విల్లంబులు పట్టి అడవికి వెళ్ళేది మగవాళ్ళు. ఆడవాళ్ళు దారికి అడ్డం నిలిచి వచ్చేపోయేవారి దగ్గర పండుగ డబ్బులు అడుగుతారు. 1972 నాటి వన్యప్రాణి చట్టం వచ్చాక వేట నేరం. మరి ఆడపిల్లకి ఆయుధమే లేదా? ఎందుకు లేదు! మంచె మీద నిలబడి జొన్నచేలో పిట్టల్ని తోలే వడిసెల ఉంది. గురి చూసి కొడితే రాయి ఎంత దూరం పోతుందో పల్లెటూరివాళ్ళని అడగండి. 1946 నుంచి 1951 వరకు సాగిన తెలంగాణ సాయుధ పోరాటంలో వడిసెలలు, రోకళ్ళు, కారప్పొడే ఆడవాళ్ళ ఆయుధాలయ్యాయి. కొడవలీ అంతే. పనిచేసే చేతికి పనిముట్టే మొదటి ఆయుధం. కొత్తగా పాత్రను ఊహించేవారికి ఇంతకన్నా మంచి సరుకు ఎక్కడ దొరుకుతుంది?

కాలం కలగాపులగం కాకుండా

ఖమ్మం కోట బురుజుల మీద ఫిరంగులు ఊహించుకుని పక్కన రుద్రమను నిలబెట్టకండి. 1323లో కాకతీయ రాజ్యం పోయాక చాలాకాలానికి గానీ ఇక్కడి యుద్ధాల్లో ఫిరంగి మోగలేదు. చంద్రవంక లాంటి తల్వారు ఎక్కువగా వాడుకలోకి వచ్చింది కూడా తర్వాతే. అంతకుముందువి ఎక్కువగా తిన్నని కత్తులు. మీ కథ పూర్తిగా కల్పన అయితే కలుపుకోవచ్చు, తప్పులేదు. కానీ తెలిసి కలపడం వేరు, తెలియక కలపడం వేరు.

గీసే ముందు నాలుగు పనులు

ఒకటి: మ్యూజియం చూపించండి. హైదరాబాదు సాలార్‌జంగ్ మ్యూజియంలో ఆయుధాలకి ప్రత్యేకంగా గదే ఉంది. ఫొటోలో తెలియని పిడి సైజు ఎదురుగా చూస్తే తెలుస్తుంది.

రెండు: మీ ఊరి వీరగల్లు దగ్గరికి తీసుకెళ్ళండి. పొలిమేరలో పసుపు రాసి మొక్కే రాయే అది. డాలు, కత్తి, బాకు ఎలా పట్టుకునేవారో ఆ రాళ్ళ మీద చెక్కి ఉంటుంది.

మూడు: నిలబడే తీరు గమనించమనండి. 1253-54లో 'నృత్తరత్నావళి' రాసిన జాయప గణపతిదేవుడి గజసేనాని. అందులో చెప్పిన పేరిణిని నటరాజ రామకృష్ణ మళ్ళీ వెలుగులోకి తెచ్చారు. ఆ నాట్యంలో కాళ్ళ ఎడం చూస్తే వీరుల నిలకడ తెలుస్తుంది.

నాలుగు: కథలు వినిపించండి. మణుగూరు ప్రాంతపు కోయ డోలి కళాకారుడు సకిని రామచంద్రయ్య గారు సమ్మక్క సారలమ్మల గాథ పాడేవారు. 2022లో పద్మశ్రీ అందుకున్నారు, 2024లో కన్నుమూశారు. అలాంటి పెద్దలు మన మధ్య ఉండగానే వినాలి.

ఆ సమ్మక్క సంగతే చూడండి. కాకతీయ సేనని ఎదిరించి, వెన్నుపోటు తగిలి, చిలకలగుట్ట వైపు వెళ్ళి మాయమైందని కథ. రెండేళ్ళకోసారి లక్షలాది మంది మేడారం వచ్చి మొక్కేది కత్తి పట్టిన విగ్రహానికి కాదు, కుంకుమ భరిణెకి, వెదురుకి. ఆమె చేతిలో ఏముండేదో ఎవరికి వారే ఊహించుకోవాలి. అంటే మన పిల్లలు గీయడానికి ఇంకా బోలెడు చోటుందన్నమాట.

కాబట్టి ఈసారి మీ అమ్మాయి వీరనారి బొమ్మ గీసి తెచ్చి "ఎలా ఉందమ్మా?" అని అడిగితే, బాగుందని ఊరుకోకండి. ఈ కత్తి ఎవరు చేసిచ్చారు, ఈమెది ఏ ఊరు, ఈమె వయసెంత అని అడగండి. వీలైతే జుట్టులో ఒక నెరిసిన పాయ కూడా వెయ్యమనండి.