మురుగునీటిలో పోవుచున్న ఎరువు

యూరియా బస్తా కొరకు మీరు ఎరువుల దుకాణమునకు పోవునపుడు, దారిలో మీ ఊరి మురుగుకాలువను ఒకసారి చూడుడు. మన దేశపు ఆహారమును బట్టి ఒక మనిషి మలమూత్రములలో ఏటా సుమారు 2.7 కిలోల నత్రజని, 0.4 కిలో భాస్వరము ఉండునని శాస్త్రజ్ఞుల అంచనా. వెయ్యిమంది ఉన్న ఊరిలో ఆ నత్రజని 45 కిలోల యూరియా బస్తాలు 130కి సమానము! అంతయు చేతికి రాదు. కొంత మరుగుదొడ్డి గుంటలలో నిలిచిపోవును, కొంత గాలిలో కలియును. అయినను మిగులునది తక్కువేమీ కాదు.

దీనిని విడదీసి ఇచ్చునది బాక్టీరియా. మురుగును వరుసగా మూడు కుంటలలోనికి పారించవలెను. లోతైన మొదటి కుంటలో గాలి సోకని బాక్టీరియా మలినమును కుళ్ళబెట్టి, నత్రజనిని అమ్మోనియాగా, భాస్వరమును పైరు పీల్చుకొనగల రూపములో విడుదల చేయును. లోతు తక్కువైన తరువాతి కుంటలలో నాచు ఎండ సాయమున ప్రాణవాయువు నిచ్చును; దానితో వేరొక జాతి బాక్టీరియా మిగిలిన మలినమును తినివేయును. నీరు మొత్తము 8 నుండి 10 రోజులు నిలిచినచో పురుగుల గ్రుడ్లు అడుగునకు దిగును. పట్టణములలో యంత్రములతో గాలి ఊదు కేంద్రములు కొన్ని నత్రజనిని గాలిలోనికే పంపివేయును. నీరు శుభ్రమగును గాని రైతుకు ఎరువు దక్కదు.

కుంటలు లేక పచ్చిమురుగును పారించినచో ఏమగును? హైదరాబాదు దిగువన మూసీ వెంబడి రైతులు అట్టి నీటితో పారాగడ్డి పెంచి పాడిపశువులకు అమ్ముచు వచ్చిరి. రాబడి వచ్చినది, కాని ఆ నీటిలో పనిచేయువారిలో కొంకిపురుగు ఎక్కువని 2008లో ప్రచురితమైన పరిశోధన తెలిపినది.

ఎడ్లపాడు నల్లరేగడిలో కుంట నీరు పత్తికి తగును. మిరపకు, పచ్చిగా తిను ఆకుకూరలకు వద్దు. మన మిరప ఎగుమతి సరుకు. వంకాయలపాడులో సుగంధద్రవ్యముల పార్కు ఉన్నదని మరువరాదు. నీటిలో నత్రజని, ఉప్పు ఎంతెంత ఉన్నవో పరీక్ష చేయించి, ఆ మేరకు యూరియా తగ్గించుడు. తగ్గించనిచో పత్తి ఆకుకే పోయి పచ్చదోమను పిలుచును. కుంట అడుగు బురదను పత్తికట్టె తుంపులతో పేర్చి, కుప్ప లోపల బాగుగా వేడెక్కి మాగిన పిదపనే చేలో చల్లవలెను.

గ్రామాధికారులు స్థలము ఎంచునపుడు మంచినీటి బావులకు దూరముగా, ఊరికి పల్లమున ఎంచవలెను. మిల్లుల రసాయనపు నీరు కలియు కాలువను మాత్రము ఈ కుంటలకు మళ్ళింపరాదు. అందులోని లోహములను బాక్టీరియా హరింపజాలదు.