గాలి రాకపోతే గ్యాస్ అయిపోయినట్టు కాదు

మార్చి వచ్చి ఎండ ముదిరిందంటే ఉస్మానియా క్యాంపస్ క్వార్టర్స్ నుంచి తార్నాక చౌరస్తా దాకా ఒకటే మాట: "బండిలో గాలి రావట్లేదా? గ్యాస్ అయిపోయి ఉంటది, నింపించండి." చలికాలమంతా ఏసీ ముట్టనివాళ్లు పిల్లల్ని బడికి దింపే వ్యాన్‌లో మీట తిప్పుతారు. గాలి రాదు. నేరుగా గ్యాస్ నింపించడానికి బయల్దేరతారు. డబ్బు పోతుంది, గాలి మాత్రం రాదు. మళ్లీ వెళ్తే కంప్రెసర్ మీద అనుమానం పెడతారు. పాడైనదేమో చాలాసార్లు కొన్ని వందల రూపాయలకు దొరికే రెసిస్టర్.

ఇంజినీరింగ్ కాలేజీ 1929లోనే మొదలైన విశ్వవిద్యాలయం ఇది. ఇక్కడ కూడా చదువుకున్నవాళ్లు ఈ మాట నమ్మి జేబులు ఖాళీ చేసుకోవడం బాధగా ఉంది. గాలిని తోసేది బ్లోయర్ మోటార్. ఆ గాలిని చల్లబరిచేది కూలింగ్ కాయిల్, దానిలో తిరిగే గ్యాస్. గ్యాస్ పూర్తిగా పోయినా బ్లోయర్ తిరుగుతూనే ఉంటుంది, గాలి వేడిగా వస్తుంది, అంతే. గాలే రాకపోతే గ్యాస్ నింపించడం, సీలింగ్ ఫ్యాన్ ఆగిందని ఫ్రిజ్ బాగుచేయించినట్టు.

నిర్ధారణకు ఏ పరికరమూ అక్కర్లేదు. ఏసీ బటన్ ఆపి బ్లోయర్ ఒక్కదాన్నే అన్ని వేగాల్లోనూ తిప్పండి. గాలి రాకపోతే ఆ రోజుకు గ్యాస్ ప్రస్తావనే అనవసరం. ఇన్నోవా లాంటి బండ్లలో వెనక సీట్లకు వేరే కాయిల్, వేరే బ్లోయర్ ఉంటాయి, గ్యాస్ మాత్రం రెండింటికీ ఒకటే. వెనక చల్లగా వీస్తూ ముందు అసలు గాలి లేదంటే గ్యాస్ నిక్షేపంగా ఉన్నట్టే.

అసలు గ్యాస్ పెట్రోల్‌లాగా ఖర్చయ్యేది కాదు. మూసి ఉన్న గొట్టాల్లో అదే గ్యాస్ తిరుగుతూ ఉంటుంది. తగ్గిందంటే ఎక్కడో లీకైందన్న మాట. లీకు వెతక్కుండా నింపితే మళ్లీ పోతుంది. సరిపడా ఉన్నదాని మీద ఇంకా ఎక్కిస్తే ఒత్తిడి పెరుగుతుంది, చల్లదనం తగ్గుతుంది, కంప్రెసర్ మీద భారం పడుతుంది. ఆరోగ్యంగా ఉన్న భాగాన్ని మన డబ్బుతో మనమే చెడగొట్టుకుంటాం.

ఇది ఒక్క ఇంటి నష్టంతో పోయేది కూడా కాదు. మన బండ్లలో ఎక్కువగా వాడే ఆర్-134ఎ, ఓజోన్ పొరను కాపాడే 1987 మాంట్రియల్ ఒప్పందం తర్వాత పాత ఆర్-12 స్థానంలో వచ్చింది. ఓజోన్‌కు హాని చేయదు కానీ, వందేళ్ల లెక్కన చూస్తే భూమిని వేడెక్కించడంలో కార్బన్ డయాక్సైడ్‌కు సుమారు 1,400 రెట్లు. అవసరం లేని టాప్ అప్ కోసం పాత గ్యాస్‌ను గాల్లోకి వదిలేయడం తప్పు. పాత గ్యాస్‌ను పట్టి ఉంచే రికవరీ మెషిన్ లేనిచోట గ్యాస్ పని చేయించొద్దు.

ఒక్క సందర్భంలో మాత్రం గ్యాస్ మాటను కాదనలేం. బయల్దేరినప్పుడు గాలి బాగా వచ్చి, అరగంట తర్వాత క్రమంగా తగ్గి, ఏసీ ఆపి కాసేపు ఆగితే మళ్లీ వస్తుంటే కూలింగ్ కాయిల్ మీద మంచు కడుతోందని అర్థం. మంచు గాలికి దారి మూసేస్తుంది. గ్యాస్ తగ్గడం దీనికి ఒక కారణం. అయితే మూసుకుపోయిన ఫిల్టర్, పనిచేయని థర్మోస్టాట్ కూడా ఇదే పని చేస్తాయి. కాబట్టి ఇక్కడ కూడా ముందు ఫిల్టర్ చూడాలి, తర్వాత గేజ్ పెట్టి ఒత్తిడి చూడాలి. ఆపైనే సిలిండర్ జోలికి పోవాలి.

ఇక అసలు దోషుల సంగతి. మీట చివరి వేగంలో పెడితే గాలి వస్తూ, మిగతా వేగాల్లో రాకపోతే అది దాదాపు ఖాయంగా రెసిస్టరే. తక్కువ వేగాల్లో మోటార్‌కు వెళ్లే కరెంటును అదే తగ్గిస్తుంది, చివరి వేగంలో కరెంటు దాన్ని దాటుకుని నేరుగా వెళ్తుంది. రెసిస్టర్ వేడెక్కుతుంది కాబట్టే దాన్ని బ్లోయర్ గాలి తగిలేచోట బిగిస్తారు. చెట్ల కింద బండి పెట్టే క్యాంపస్ వాళ్లకు ముఖ్యమైన సంగతి ఇదే. ఆకులు రాలే కాలంలో అద్దం కింది జాలీలోంచి చింతాకులాంటి సన్నాకు లోపలికి జారుతుంది. ఫిల్టర్ ఉన్న బండ్లలో ఫిల్టర్ మూసుకుపోతుంది, ఫిల్టర్ లేని పాత వ్యాన్లలో నేరుగా బ్లోయర్ చక్రంలోకి పోతుంది. గాలి ఆడక రెసిస్టర్ కాలుతుంది. చెత్త పట్టేసిన మోటార్ ఎక్కువ కరెంటు లాగి కనెక్టర్‌ను కూడా కరిగిస్తుంది. కారణం వదిలేసి రెసిస్టర్ ఒక్కటే మారిస్తే కొత్తదీ కాలుతుంది. ఆటోమేటిక్ క్లైమేట్ కంట్రోల్ ఉన్న బండ్లలో రెసిస్టర్ బదులు ఎలక్ట్రానిక్ మాడ్యూల్ ఉంటుంది, అక్కడ ఈ లక్షణం ఇలాగే కనిపించాలని లేదు.

ఏ వేగంలోనూ కదలకపోతే మొదట ఫ్యూజ్, రిలే చూడాలి. అవి బాగుంటే మోటార్ కనెక్టర్ దగ్గర మల్టీమీటర్ పెట్టాలి. చివరి వేగంలో అక్కడికి పన్నెండు వోల్ట్‌లు వస్తూ, ఎర్త్ సరిగ్గా ఉండి కూడా తిరగలేదంటే తప్పు మోటార్‌దే. మోటార్ గూడు మీద మెల్లగా తడితే తిరగడం మొదలైతే కార్బన్ బ్రష్‌లు అరిగాయి. తట్టడం పరీక్షే కానీ మరమ్మతు కాదు, రేపు మళ్లీ ఆగుతుంది. కీచుమంటే బుష్‌లు ఎండిపోయాయి, టపటపమంటే చక్రంలో ఆకో పుల్లో ఇరుక్కుంది. చాలా బండ్లలో మోటార్ గ్లవ్ బాక్స్ వెనకే ఉంటుంది, కొన్ని స్క్రూలు తీస్తే కిందికి దిగుతుంది. దానికోసం డ్యాష్‌బోర్డ్ మొత్తం ఊడదీయాలంటే, ఎందుకో చూపించమని అడగండి. ఆ పక్కనే ఎయిర్‌బ్యాగ్ ఉండే బండ్లలో బ్యాటరీ తీగ విప్పి, కాసేపు ఆగి చేయి పెట్టాలి.

మిగతా నమ్మకాలకు ఇంత చోటు అక్కర్లేదు. బ్లోయర్ పెద్ద వేగంలో పెడితే పెట్రోల్ తాగేస్తుందన్నది అబద్ధం, తాగించేది ప్రధానంగా కంప్రెసర్. మోటార్‌లోకి తుప్పు వదిలించే స్ప్రే కొడితే బాగవదు, బ్రష్‌లు పాడవుతాయి. కాలిన ఫ్యూజ్ స్థానంలో పెద్దది పెట్టడం, తీగ చుట్టడం చిట్కా కాదు. కరెంటు ఎక్కువైనా ఫ్యూజ్ కాలదు, లోపలి వైర్లు కాలతాయి. పిల్లలు కూర్చునే బండిలో ఆ పని చేసేవాళ్ల చేతికి తాళం ఇవ్వొద్దు.

ఆకులు రాలడం ఆగగానే అద్దం కింది జాలీ శుభ్రం చేసి, ఫిల్టర్ తీసి వెలుతురుకు పట్టుకోండి. వెలుగు కనబడకపోతే దులిపి పెట్టకుండా కొత్తది వేయండి. ఫిల్టర్‌లో ఎలుక గూడు కనిపిస్తే వైర్లు కొరికిందేమో కూడా చూడాలి. మోటార్ మార్పిస్తే పాతది మీ చేతికి ఇవ్వమనండి, కొత్తది తిరుగుతున్నప్పుడు ఎన్ని ఆంపియర్లు లాగుతోందో మీటర్ పెట్టి చూపించమనండి. ఎవరైనా గ్యాస్ నింపాలంటే, నింపకముందు గేజ్ మీద ఒత్తిడి ఎంతుందో అడిగి బిల్లు మీద రాయించుకోండి.