చాసరు హాస్యకథ: దానిని చదువు తీరు

ఆంగ్లకవి జాఫ్రీ చాసరు 1400లో మరణించెను. ఆయన ముగింపకయే విడిచిన ‘కాంటర్బరీ కథలు’ గ్రంథమున పిండిమరవాడు చెప్పిన కథయొకటి కలదు. దానిని చదివినవారు ముందుగా నవ్వుదురు. పిమ్మట, ఇంతటి కవి ఇట్టి మోటుకథ నేల చెప్పెనని సందేహింతురు. ఆ సందేహము తీరుటకు కొన్ని పారిభాషిక పదములు తోడ్పడును.

మొదటిది ‘ఫాబ్లియో’. ఇది ఫ్రాన్సులో ముఖ్యముగా 13వ శతాబ్దమున వర్ధిల్లిన పొట్టి పద్యకథ. ఇట్టివి ఇంచుమించు 150 నేడు లభించుచున్నవి. గడుసు ఇల్లాలు, వెర్రి మగడు, జాణయైన విద్యార్థి ఇందలి పాత్రలు. మోసమునకు ప్రతిమోసము ఇందలి ఇతివృత్తము. ఇవి పట్టణములందలి వర్తకజనుల కొరకు పుట్టినవని జోసెఫ్ బేదియే 1893లో వాదించెను. కాదు, రాజాస్థానములవారే తమ ప్రేమకథలను తామే పరిహసించుకొనుటకు వీనిని వినిరని పెర్ నిక్రోగ్ 1957లో బదులు చెప్పెను. చాసరు విషయమున మాకు రెండవ మాటయే దారి చూపుచున్నది.

ఏలయన, పిండిమరవాని కథకు ముందున్నది నైటు చెప్పిన ఉదాత్తకథ. అందు ఇద్దరు వీరులు ఒక కన్యకై పోరాడుదురు. ఇందును ఇద్దరు యువకులు ఒక స్త్రీకై ప్రాకులాడుదురు. కాని ఆమె ఆక్స్‌ఫర్డులోని వడ్రంగి జాను భార్య ఆలిసన్. ఉదాత్తమును మోటుగా తిరిగి చెప్పు ఈ పద్ధతియే పేరడీ. జరుక్ శాస్త్రి పేరడీలు చదివిన మన పాఠకులకు దీనిని వేరుగ వివరింపనక్కరలేదు.

‘ఐరనీ’ని కొందరు వ్యంగ్యమని తెనిగింతురు. మాకది అంతగా రుచింపదు. ఆలంకారికుల వ్యంగ్యము ధ్వనించు అర్థము; ఈ కథలోని ఐరనీ యన్ననో, పాత్ర యెరుగని దానిని పాఠకుడెరిగి యుండుట. నక్షత్రములను చూచుచు నడచి గోతిలో పడిన జ్యోతిష్కుని తలచుకొని జాను చదువుకొన్నవారిని గేలిచేయును. నోవహు నాటి దానిని మించిన జలప్రళయము వచ్చునని విద్యార్థి నికొలస్ చెప్పగా, ఆ జానుయే నమ్మి, ఇంటికప్పునకు మూడు తొట్లు వ్రేలాడదీసి, ఒకదానిలో నిదురించును. అవమానితుడైన రెండవ ప్రియుడు అబ్సలన్ కాలిన నాగటి కర్రుతో వాత పెట్టగా, నికొలస్ “నీళ్లు!” అని అరచును. ప్రళయమే వచ్చినదనుకొని జాను త్రాడు కోసికొని క్రిందపడి చేయి విరుగగొట్టుకొనును. వేరువేరుగ నడచిన రెండు కథలు ఆ ఒక్క కేకతో కలిసికొన్నవి! ఇంతటి కూర్పు ఫ్రెంచి కథలలో అరుదు.

వృత్తులవారీగా జనుల లోపములను ఎత్తిచూపు అధిక్షేపకవిత్వమునకు చాసరు ఎంత ఋణపడెనో జిల్ మాన్ 1973లో వివరించెను. బఖ్తిన్ 1965లో వెలువడిన తన గ్రంథమున, తిరునాళ్ల నవ్వు పెద్దచిన్న తేడాలను తలక్రిందులు చేయునని ప్రతిపాదించెను. అది రాబ్లేను గూర్చిన గ్రంథమైనను ఇచ్చటను ఉపకరించును.

అయినను ఒక చిక్కు మిగిలియే యున్నది. ప్రళయమన్న మాట వినగానే జాను తన ప్రాణమును తలపలేదు. అయ్యో, ఆలిసన్ మునిగిపోవునా యని విలపించెను. అట్టివానినే ఇరుగుపొరుగు పిచ్చివాడని నవ్విరి. ఏ దెబ్బయు తగులక బయటపడినది ఆలిసన్ ఒక్కతెయే. ఇది ఆమెకు దక్కిన గెలుపా, లేక కవి ఆమెను మరచెనా యని విమర్శకులు నేటికిని తర్కించుచున్నారు. ఫాబ్లియో మర్యాద ప్రకారము ముసలి మగనిపై జాలి కూడదు. చాసరు మాత్రము ఆ జాలికి కొంత చోటు విడిచెనని మా తలంపు.

కథ విని అందరును నవ్విరి, ఒక్క రీవు తప్ప. అతడు వడ్రంగిపని నేర్చినవాడు. కోపించి, మోసపోయిన పిండిమరవాని కథను వెంటనే అందుకొనెను.