చిన్న గ్యాస్ సిలిండర్: రూమ్‌లోనే నింపుకుంటే మిగిలేదెంత? రిస్క్ ఎంత?

కామారెడ్డి: భిక్కనూరులోని సౌత్ క్యాంపస్‌లో చదివే స్టూడెంట్స్ అయినా, ఎల్లారెడ్డి వైపు వరి నాట్లకు వచ్చే కూలీలైనా.. అద్దె రూమ్‌లో దిగగానే చూసుకునేది ఓ చాప, ఓ బకెట్, పైన బర్నర్ బిగించిన చిన్న గ్యాస్ సిలిండర్. అసలు సమస్య గ్యాస్ అయిపోయాకే మొదలవుతుంది. ఓనర్ దగ్గరో, ఫ్రెండ్ దగ్గరో పెద్ద బండ తీసుకుని పైపుతో నింపుకోవాలా? లేక డబ్బులు పెట్టి కంపెనీ సిలిండర్ మార్చుకోవాలా?

ముందు డబ్బుల లెక్క చూద్దాం. 2025 ఏప్రిల్‌లో 50 రూపాయలు పెరిగాక హైదరాబాద్‌లో 14.2 కిలోల ఇంటి సిలిండర్ 905 రూపాయలైంది. అంటే కిలో దాదాపు 64 రూపాయలు. 5 కిలోలకు 320 రూపాయలు. కామారెడ్డిలో రేటు కాస్త అటూ ఇటూ ఉన్నా లెక్క ఇదే. కంపెనీ అమ్మే 5 కిలోల ఫ్రీ ట్రేడ్ సిలిండర్‌లో కిలో రేటు ఇంతకంటే ఎక్కువే పడుతుంది. కాబట్టి రూమ్‌లో నింపుకుంటే చవకే అనిపిస్తుంది. కానీ ఇందులో ఒక చిక్కుంది. రూమ్‌లో నింపేటప్పుడు ఎవరూ తూకం వేయరు. కొంత గ్యాస్ గాల్లోకి పోతుంది, కొంత పెద్ద బండలోనే ఉండిపోతుంది. ఎంత ఎక్కిందో చెప్పే మీటర్ ఏదీ ఉండదు.

తూకం లేకపోతే నష్టం డబ్బులే కాదు. 14.2 కిలోల బండ లోపల 33.3 లీటర్ల నీళ్లు పడతాయి. అందులో ద్రవ రూపంలో ఉన్న గ్యాస్ 26 లీటర్ల వరకే ఉంటుంది. మిగతా జాగా కావాలనే వదిలేస్తారు. ఎండకు ఎల్పీజీ ద్రవం నీటికంటే చాలా రెట్లు ఎక్కువగా పొంగుతుంది. ఆ పొంగుకు చోటు కావాలి. డబ్బులిచ్చి కొనే సిలిండర్‌లో మనం గ్యాస్‌తోపాటు ఈ ఖాళీ జాగాకు కూడా కడుతున్నట్టే. పైపుతో నింపేవాళ్లు 'ఇంకొంచెం ఎక్కనీ' అంటూ నింపేది సరిగ్గా ఆ జాగానే. అంచుదాకా నిండిన సిలిండర్‌ను మే నెల ఎండలో రేకుల రూమ్‌లో పెడితే లోపలి ప్రెషర్ ఒక్కసారిగా పెరుగుతుంది. అంచుదాకా నిండలేదని తెలుసుకునే దారి ఆ రూమ్‌లో ఎవరికీ లేదు.

ఇక లీకేజీ. ఒక లీటరు ద్రవం బయటికొస్తే సుమారు 250 లీటర్ల గ్యాస్ అవుతుంది. గాలికంటే బరువు కాబట్టి పైకి పోదు, నేలమీదే పేరుకుంటుంది. గాల్లో 2 శాతం కలిస్తే చాలు, అంటుకుంటుంది. పది అడుగుల పొడవు, పది అడుగుల వెడల్పు ఉన్న రూమ్‌లో నేలమీద అడుగు ఎత్తున ఆ 2 శాతం రావడానికి కావాల్సింది 120 గ్రాముల గ్యాసే. ద్రవంగా చూస్తే రెండు టీ గ్లాసులు. పైపు జారితే అంత కారడానికి ఎంతసేపు పట్టదు. కిటికీ తీశాం కదా అనుకుంటారు కానీ, గ్యాస్ ఉండేది కిటికీ కింద, మంచం కింద.

అలాగని బజార్లో ఫిల్లింగ్ షాపుకు వెళ్తే? డబ్బులు కట్టినా పద్ధతి అదే పైపు, అదే బండ. పక్కన ఇంకో పది సిలిండర్లు ఉంటాయి, అంతే తేడా. ఇంటి సిలిండర్ నుంచి ఇలా గ్యాస్ తీయడం 2000 నాటి ఎల్పీజీ కంట్రోల్ ఆర్డర్ ప్రకారం నేరం. నిత్యావసర వస్తువుల చట్టం కింద 7 ఏళ్ల వరకు జైలు శిక్ష పడొచ్చు. షాపు అయినా, రూమ్ అయినా ఒకటే రూల్.

మరి రూమ్‌లో ఉండేవాళ్లకు దారేంటి? ఇండేన్‌లో ఛోటు, హెచ్‌పీలో అప్పు, భారత్ గ్యాస్‌లో మినీ పేర్లతో 5 కిలోల సిలిండర్లు దొరుకుతాయి. అడ్రస్ ప్రూఫ్ అక్కర్లేదు, ఒక ఐడీ కార్డు చాలు. మొదటిసారి సిలిండర్‌కు కూడా డబ్బులు కట్టాలి, ఇక్కడే చాలామంది వెనక్కి తగ్గుతారు. తర్వాత ఖాళీది ఇచ్చి నిండుది తీసుకోవచ్చు. ఎక్కువ కాలం ఉండేవాళ్లకు 5 కిలోల ఇంటి కనెక్షన్ కూడా ఉంది, దానికి మాత్రం అడ్రస్ కావాలి. వలస కూలీ కుటుంబాలకు ఉజ్వల 2.0లో సొంత డిక్లరేషన్‌నే అడ్రస్‌గా తీసుకునేలా 2021లో రూల్ మార్చారు. ఈ సంగతి తెలిసినవాళ్లు తక్కువే.

తీసుకునేటప్పుడు సీల్ చూడాలి, తూకం అడగాలి. ఖాళీ బరువు సిలిండర్ మీదే రాసి ఉంటుంది, దానికి 5 కిలోలు కలిపితే కాంటా మీద కనిపించాల్సిన నంబర్ వస్తుంది. పై రింగ్ పట్టీ మీద ఉండే ఏ, బీ, సీ, డీ అక్షరాలు మూడేసి నెలలకు గుర్తు. పక్కనుండేది సంవత్సరం. బీ-27 అంటే 2027 జూన్‌లోపు టెస్ట్ చేయించాలని అర్థం. లోకల్ సిలిండర్ల మీద తరచూ ఇవేవీ కనిపించవు.

గ్యాస్ వాసన వస్తే లైటు వేయొద్దు, వెలుగుతున్నదాన్ని ఆపొద్దు కూడా. రెగ్యులేటర్ కట్టేసి, తలుపులు తీసి బయటికొచ్చాక 1906కు ఫోన్ చేయాలి. ఈ ఎమర్జెన్సీ నంబర్ 24 గంటలూ పనిచేస్తుంది.