పటమును బోర్లించినచో

మా లక్సెట్టిపేటకు గోదావరి దక్షిణమున నున్నది. ఒక అన్నదమ్ముల పంపకమున, పటములోను ఏరు దక్షిణముననే యున్నదని పెద్దలు నమ్మిరి. కాని యది పలుచని కాగితమును బోర్లించి యెత్తిన నకలు. తూర్పున నున్న తమ్ముని బావి పడమట అన్న వంతున పడినది!

1637లో ఫ్రెంచి పండితుడు దేకార్తు చూపిన బాటను, నడిమి హద్దురాయిని మూలబిందువుగా గొనుడు. బావి తూర్పునకు 3 గొలుసులు, ఉత్తరమునకు 2 గొలుసులు: (3, 2). బోర్లించిన నది (−3, 2) అగును. ఉత్తర దక్షిణములు మారవు. కొలతలును వైశాల్యమును మారవు. కనుకనే మోసము తెలియదు.

పటమును బల్లమీదనే ఎడమకు లంబకోణము త్రిప్పిన (−2, 3). మరల త్రిప్పిన (−3, −2). ఇది వెనుకకు త్రిప్పిన చక్కబడును. బోర్లించినది మాత్రము బల్లమీద నెంత త్రిప్పినను చక్కబడదు. ప్రదక్షిణముగా నున్న హద్దురాళ్లు అప్రదక్షిణముగనే కనబడుచుండును. ఆ రాత్రి నేను నకలును దీపమున కడ్డముగా పట్టి వెనుకవైపునుండి చూపితిని.